శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌లో ఒక రోజు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం పేరు చెప్పి కలకత్తా చేరి ఇరవై ఏళ్లు దాటింది. మా సామర్లకోట వైపు నుంచి ఏ చుట్టం దిగినా వరస ఒకటే. మొదటి రోజు కాళీఘాట్, రెండో రోజు విక్టోరియా మెమోరియల్, మూడో రోజుకి కాళ్లు లాగి "ఈ రొద లేనిచోట కాసేపు కూర్చుందామయ్యా" అంటారు. అప్పుడు హుగ్లీ నది దాటించి, మహా మర్రిచెట్టుకి పేరుపడ్డ శిబ్‌పూర్ తోటకి తీసుకెళతాను. దారిలో వాళ్లు అడిగేవీ, ముందుగా ఫోన్ చేసి మిగతావాళ్లు అడిగేవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఈ తోట అసలు పేరేమిటి? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

అన్నీ నిజమే. ఈస్టిండియా కంపెనీ 1787లో పెట్టింది కాబట్టి ఊరివాళ్లు 'కంపెనీ బాగాన్' అన్నారు. తర్వాత రాయల్ బొటానిక్ గార్డెన్ అయింది, 1950లో రాయల్ పోయి ఇండియన్ వచ్చింది. 2009లో ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ పేరు పెట్టారు. మొక్కల స్పందనల మీద ఆయన పనిచేసిన సంగతి తెలిసిందేగా, పేరు బాగానే అతికింది. బస్సు కండక్టరుకి మాత్రం ఇవేవీ చెప్పకండి. 'బి గార్డెన్' అంటే చాలు.

హైదరాబాద్ నుంచో, కోస్తా నుంచో వచ్చేవాళ్లు ఎలా చేరుకోవాలి?

సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్కితే హౌరాలో దిగుతారు. అక్కడి నుంచి తోట సుమారు 8 కిలోమీటర్లు, బస్సులున్నాయి. విజయవాడ, రాజమండ్రి, విశాఖల నుంచి కోరమాండల్ ఎక్కితే ఇంకా సుఖం. ఇప్పుడది షాలిమార్ దాకానే నడుస్తోంది, షాలిమార్ ఉన్నదే శిబ్‌పూర్ పక్కన. కలకత్తా నగరంలో దిగినవాళ్లు విద్యాసాగర్ సేతు మీదుగా రావాలి. వంతెన మీంచి నదిని చూస్తూ రావడం కూడా ఆ రోజు లెక్కలోకే వేసుకోండి.

ట్యాక్సీ ఎక్కితే "హౌరా వైపు, శిబ్‌పూర్" అని ఒకటికి రెండుసార్లు చెప్పండి. నేను వచ్చిన కొత్తలో మా నాన్నగారిని తీసుకొస్తుంటే డ్రైవరు నదే దాటకుండా అలీపూర్‌లో హార్టికల్చర్ తోట ముందు దింపేశాడు. అది 1820లో విలియం కేరీ స్థాపించిన సంఘం తోట, పూలకి పెట్టింది పేరు. నాన్నగారు అరగంట ఓపిగ్గా తిరిగి, "బాగుందిరా, మర్రిచెట్టు ఏదీ?" అన్నారు. నాకూ తెలియలేదు. తోటమాలిని అడిగితే నవ్వి, చెయ్యెత్తి నది అవతలికి చూపించాడు.

ఏ నెలలో వెళ్లాలి? ఏ వేళకి?

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా. అప్పుడు ఇక్కడి చలి మన కోస్తా చలికంటే కొంచెం ఎక్కువ, ఎండలో కూర్చోబుద్ధేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండకంటే ఉక్క చంపుతుంది. వానాకాలంలో తోట అందం చెప్పలేం గానీ దారులు పాకుడు పడతాయి. సోమవారం సెలవు, అది మర్చిపోయి గేటు దాకా వచ్చి వెనక్కి పోయినవాళ్లు మా ఇంట్లోనే ముగ్గురున్నారు. టికెట్ ధర తక్కువే. పొద్దున్నే గేటు తెరవగానే లోపలుండండి. పదకొండు దాటితే ఎండా ఎక్కుతుంది, జనమూ పెరుగుతారు.

ఒక్క పూట సరిపోదా? మధ్యాహ్నం షాపింగ్ ఉంది.

షాపింగే చేసుకోండి. నిజంగానే అంటున్నాను. తోట 109 హెక్టార్లు, మన లెక్కలో 270 ఎకరాలు. పూటలో చూసేయాలనుకుంటే మర్రిచెట్టు ముందు ఒక సెల్ఫీ, చెరువు ముందు ఒక సెల్ఫీ, వెనక్కి పరుగు. ఇది చూసి వచ్చేచోటు కాదు, కూర్చుని వచ్చేచోటు. ఒక చెట్టు, ఒక చెరువు గట్టు, ఒక నది ఒడ్డు ఎంచుకుని మిగతావి వదిలేసినవాళ్లే హాయిగా తిరిగొస్తారు. నేను ఇన్నిసార్లు వెళ్లినా చూడని మూలలు ఇంకా ఉన్నాయి, చూడాలన్న తొందరా లేదు.

ఆ పెద్ద మర్రి నిజంగా ఒకటే చెట్టా? ఫోటోల్లో అడవిలా ఉంది.

ఎదురుగా నిలబడినా అడవిలాగే ఉంటుంది. మా పెదనాన్నగారు దాన్ని ఎదురుగా పెట్టుకుని "ఇంకా ఎంత దూరంరా?" అని అడిగారు.

ఒకటే చెట్టు, వయసు 250 ఏళ్లు పైమాటే. అంటే తోట కంటే చెట్టే పెద్దది. 1864లో, 1867లో వచ్చిన తుఫాన్లకి దెబ్బతింది, ఆ గాయాల్లో బూజు చేరి నడిమి మాను లోపల్లోపలే కుళ్లడం మొదలైంది. 1925లో ఆ మానుని కోసి తీసేశారు. దాని చుట్టుకొలత అప్పటికి 51 అడుగులు. ఇప్పుడు చెట్టుకి నడుమ మొదలు లేదు, 3,700 పైచిలుకు ఊడలే దాన్ని మోస్తున్నాయి. ఇంటి పెద్ద పోయాక అన్నదమ్ములు చెరో పక్కా భుజం పట్టినట్టు.

చుట్టూ కంచె ఉంది, పక్కనే దారి ఉంది. ఆ దారి చెట్టు చుట్టూ తిరిగొచ్చేలా వేసిందే గానీ చెట్టు ఆగలేదు, దారిని దాటి పోయింది. కొమ్మల వ్యాప్తి చుట్టుకొలత దాదాపు 486 మీటర్లు. కంచె దగ్గర నిలబడి ఒక్క ఊడని ఎంచుకుని చూడండి. పైన కొమ్మ నుంచి లేత ఊడలు కుచ్చులా, జడ విప్పినట్టు వేలాడుతుంటాయి. చివర్లు లేత పసుపు, తడిగా మెరుస్తుంటాయి. వాటిలో కొన్నిటికి మాలీలు వెదురు గొట్టం తొడుగుతారు. గాలికి ఊగి విరగకుండా, పశువు కొరక్కుండా అది తిన్నగా నేలకి దిగుతుంది. మట్టి తగిలాక కొన్నేళ్లలో స్తంభమవుతుంది. పక్కపక్కనే వేలెడు ఊడ, తొడంత ఊడ, చేతులు చాచి కౌగిలిస్తే అందని ఊడ, మూడూ కనబడతాయి.

మన తిమ్మమ్మ మర్రిమాను కంటే పెద్దదా?

ఇది అడగని తెలుగువాడు లేడు. జవాబు: కాదు, కానీ తేడా చూస్తే నవ్వొస్తుంది. కదిరి దగ్గర గూటిబయలులోని తిమ్మమ్మ మర్రిమాను విస్తీర్ణం 19,107 చదరపు మీటర్లు, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. శిబ్‌పూర్ మర్రికి చెప్పే లెక్క 18,918. తేడా ఐదు సెంట్లు కూడా లేదు, ఓ చిన్న ఇంటి స్థలమంత. రెండూ బతికున్న చెట్లే, ఏ ఏడాది కొలిచారన్నదాన్ని బట్టి ఎవరిది పైచెయ్యో మారుతూనే ఉంటుంది. బెంగాలీ మిత్రులతో ఈ వాదన పెట్టుకోకండి. నేను పెట్టుకున్నాను, టీ చల్లారిపోయింది.

అయితే రెండింటి దగ్గరా మనసు ఒకేలా ఉండదు. గూటిబయలులో తిమ్మమ్మ గుడి ఉంది, పిల్లలు లేనివాళ్ల మొక్కులున్నాయి. ఇక్కడ చెట్టుకి దండం పెట్టేవాళ్లు తక్కువ, లెక్క పెట్టేవాళ్లు ఎక్కువ.

కంపెనీ వాళ్లకి తోట మీద అంత ప్రేమ ఎందుకు పుట్టింది?

ప్రేమ కాదు, కలప. ఓడలకి టేకు కావాలి, డచ్చివాళ్ల చేతిలో ఉన్న మసాలా దినుసులు తమ నేలలోనే పండాలి. ఇది కంపెనీ లెక్క. కల్నల్ రాబర్ట్ కీడ్ అనే సైనికాధికారి 1786లో రాసిన ప్రతిపాదనలో ఇంకో మాట కూడా ఉంది. 1770 నాటి బెంగాల్ కరువులో జనం పిట్టల్లా రాలిపోయారు. అలాంటప్పుడు ఆదుకునే సగ్గుబియ్యపు తాడి, ఖర్జూరం లాంటి చెట్లు తెచ్చి పెంచుదామన్నాడు.

టేకు ఈ ఒండ్రు నేలలో సరిగా రాలేదు, లవంగం, జాజికాయలకి ఈ వాతావరణం పడలేదు. టేకు వేసిన నేలని తర్వాత బిషప్స్ కాలేజీకి ఇచ్చేశారు. ఇప్పుడు అక్కడ ఇంజనీరింగ్ విద్యాసంస్థ ఉంది. కలిసొచ్చిన పంట తేయాకు. 1830లలో చైనా గింజల్ని ఇక్కడ మొలకెత్తించి అస్సాంకీ, కుమావూన్‌కీ పంపారు. మీరు పొద్దున తాగిన టీకి ఈ తోట దూరపు చుట్టం.

సామర్లకోటతో ఈ తోటకి సంబంధం ఉందని విన్నాం. నిజమేనా?

నన్ను ఈ తోటకి కట్టిపడేసింది ఆ సంగతే.

విలియం రాక్స్‌బర్గ్ అని స్కాట్లండ్ డాక్టరు. 1776లో కంపెనీ మద్రాసు కొలువులో చేరి, 1781లో సామర్లకోట దండుకి వైద్యుడిగా వచ్చాడు. వైద్యం ఎంత చేశాడో గానీ మనసంతా మొక్కల మీదే. అక్కడే తోట వేసి మిరియం, కాఫీ, నీలిమందు, మల్బరీ పెంచి చూశాడు. మన కొండల్లో, పొలంగట్ల మీద ఏ మొక్క కనబడినా పేరేమిటి, దేనికి వాడతారు అని మనవాళ్లనే అడిగి రాసుకున్నాడు. ఇక్కడి చిత్రకారులని పెట్టుకుని ఆకు ఆకుకీ రంగు బొమ్మలు వేయించాడు. 1787లో ఉప్పెన వచ్చి అతని పుస్తకాలూ కాగితాలూ కొట్టుకుపోయాయి. ఇక్కడ హుగ్లీ ఒడ్డున కీడ్ తోటకి పునాది పడిందీ ఆ ఏడే.

అతను మళ్లీ మొదలుపెట్టాడు. ఆ బొమ్మల్లో 300 ఎంచి లండన్‌లో 1795 నుంచి 'కోరమాండల్ తీరపు మొక్కలు' పేరుతో అచ్చు వేశారు. 1793లో కీడ్ పోయాక శిబ్‌పూర్ తోట పెత్తనం చూసుకోవడానికి రమ్మని కబురొచ్చింది. సామర్లకోటలో పన్నెండేళ్లు నేర్చినదంతా మూటగట్టుకుని ఇక్కడికి వచ్చాడు. 1813లో వెళ్లిపోయేదాకా ఇరవై ఏళ్లు ఇదే అతని లోకం. మరుసటి ఏడాది కేరీ అచ్చువేసిన తోట జాబితాలో దాదాపు 3,500 రకాల మొక్కలున్నాయి. నది ఒడ్డున అతను కట్టించుకున్న ఇల్లు ఇప్పటికీ ఉంది.

మన మాటలు కూడా అతని వెంట వెళ్లాయి. సండ్ర చెట్టుకి లాటిన్‌లో 'మైమోసా సుండ్రా' అని పేరు పెట్టాడు. సొమిద మాను నుంచి తర్వాతి శాస్త్రజ్ఞులు 'సోయ్‌మిడా' అని ఏకంగా ఒక ప్రజాతికే పేరు పెట్టారు. ఆ పేర్లు చెప్పిన రైతులెవరో, మూలికలవాళ్లెవరో ఏ పలక మీదా ఉండదు. కోరమాండల్‌లో సామర్లకోట మీదుగా వచ్చి షాలిమార్‌లో దిగినప్పుడల్లా అతను వచ్చిన దారే కదా అనిపిస్తుంది నాకు.

చెట్ల గురించి ఏమీ తెలియదు. గైడ్ అవసరమా?

అక్కర్లేదు. పిల్లలుంటే ఈ ఆట ఆడండి. చెట్ల మీద లాటిన్ పేర్ల పలకలుంటాయి. చివర ఆ పేరు పెట్టినవారి పేరు పొట్టిగా రాస్తారు. 'ఎల్' అని ఒక్క అక్షరం ఉంటే స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్. 'రాక్స్‌బ్' అని ఉంటే మన సామర్లకోట డాక్టరు. ఎన్ని 'రాక్స్‌బ్'లు దొరికితే అన్ని రసగుల్లాలు అన్నాను మా మేనకోడలితో. జేబుకి చిల్లు పడింది. జిట్టరేగి, పెద్దమాను, తపసి ఇవన్నీ అతని ఖాతాలోవే.

మర్రి కాకుండా తప్పక చూడాల్సినవి?

నన్నడిగితే పిచ్చిచెట్టు. బెంగాలీలో 'పాగ్లా గాఛ్' అంటారు. ఏ రెండు ఆకులూ ఒకలా ఉండవు. కింద రాలినవి ఓ పది ఏరి ఒళ్లో పరుచుకుని చూడండి. ఒకటి తమలపాకులా నున్నగా ఉంటుంది, ఒకటి చీలికలై ఉంటుంది, ఇంకోటి పురుగు కొరికి వదిలేసినట్టు అడ్డదిడ్డంగా. పురుగు కొరకలేదు, పుట్టుకే అంత. చూశాక ఆకులు చెట్టు కిందే వదిలేయండి.

కృష్ణ మర్రి ఇంకోటి. ఆకు మొదట్లో దొప్పలా ముడుచుకుని ఉంటుంది. కన్నయ్య వెన్న దాచుకున్న దొప్ప అని కథ. ఆఫ్రికా నుంచి వచ్చిన బావోబాబ్ ఉంది. గోల్కొండ నయాఖిలాలోని ఏనుగు చెట్టుని చూసినవాళ్లకి ఇది చిన్నగా అనిపిస్తుంది. కొమ్మలు వేసే తాడిచెట్టు కూడా ఉంది. తాడికి కొమ్మలేమిటని మా అమ్మ నమ్మలేదు, చుట్టూ రెండుసార్లు తిరిగి చూసింది.

ఆ పళ్లెం లాంటి పెద్ద ఆకుల మీద పాపని కూర్చోబెట్టి ఫోటో తీయొచ్చా?

వద్దు. విక్టోరియా అనే ఆ పెద్ద కలువ ఆకు నీటి పైన అంచు ఎత్తిన పెద్ద పళ్లెంలా ముద్దుగా కనబడుతుంది గానీ అడుగున అంతా ముళ్లే. చెరువు లోతు కూడా మీకు తెలియదు. గట్టు మీద కూర్చుని పువ్వు చూడండి. మొదటి రాత్రి తెల్లగా విచ్చుకుంటుంది, రెండో రాత్రికి గులాబీ రంగు తిరుగుతుంది. ఈ చెరువులు ఇరవైకి పైనే ఉన్నాయి, నదితో కలిపారు. 1871 నుంచి తోటని చూసుకున్న జార్జ్ కింగ్ పనితనం అది.

తిండి సంగతి?

లోపల హోటల్ వెతకకండి. పొద్దున కడుపు నిండా తిని వెళ్లండి. ప్లాస్టిక్ కవర్లు తీసుకెళ్లకండి, నీళ్లు స్టీలు సీసాలో తెచ్చుకోండి. పొయ్యి వెలిగించి వండుకునే వనభోజనాలు ఇక్కడ కుదరవు. కార్తీకమాసం అని చెప్పినా సరే. బయటికొచ్చాక ఝాల్‌మూడి తినండి. మన పిడత కింద పప్పుకి ఆవనూనె ఘాటు తగిలిస్తే అదే ఝాల్‌మూడి. మట్టి ముంతలో టీ తాగండి.

పెద్దవాళ్లు నడవగలరా?

దారులు చదునే, దూరాలే ఎక్కువ. గేటు నుంచి మర్రి దాకా మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం. బ్యాటరీ బండి కనబడితే వెంటనే ఎక్కించేయండి, తర్వాత చూద్దాం అనుకుంటే దొరకదు. గొడుగు, వేసుకుని అలవాటైన చెప్పులు, కింద పరుచుకోవడానికి పాత దుప్పటి చాలు.

దోమలు, పాములు?

దోమలున్నాయి. పూర్తి చేతుల చొక్కా వేసుకుని ఒంటికి దోమల మందు రాసుకోండి. పాములకి ఇది ఇల్లే కాబట్టి గడ్డి బాగా పెరిగినచోటికీ, రాలిన ఆకులు గుట్టపడినచోటికీ పిల్లల్ని వదలకండి. దారి మీద ఉంటే భయం లేదు.

ఓ కొమ్మో, గింజో ఇంటికి తెచ్చుకోవచ్చా?

లేదు. ఇది బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా చేతిలో ఉన్న పరిశోధన తోట. దీని పక్కనున్న హెర్బేరియంలో ఎండబెట్టి దాచిన నమూనాలు 20 లక్షల దాకా ఉన్నాయి. కుండీలో నాటుకోవాలని కొమ్మ విరిచే మన అలవాటుని గేటు బయట వదిలి రండి.

ఆంఫన్ తుఫానుకి తోటంతా పోయిందంటారు, నిజమా?

2020 మే 20న చాలా పోయింది. వందల చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. మహా మర్రికీ ఒక పక్క ఊడలు విరిగాయి. ఆ తర్వాత మొదటిసారి వెళ్లినప్పుడు నాకు తెలిసిన ఒక దారి గుర్తు పట్టలేకపోయాను, నీడ లేక. 1864 తుఫానులోనూ ఇలాగే వెయ్యికి పైగా చెట్లు పడ్డాయి. ఇప్పుడు ఆ ఖాళీల్లో కొత్తగా నాటిన మొక్కలు నా భుజం దాటాయి.

చివరగా, ఎక్కడ కూర్చోమంటారు?

మూడున్నర దాటాక నది వైపు. అవతలి ఒడ్డు మెటియాబ్రుజ్. అవధ్ నవాబు వాజిద్ అలీ షా రాజ్యం పోగొట్టుకుని 1856లో వచ్చి ఉండిపోయింది అక్కడే. నది ఇక్కడ బాగా వెడల్పు. బంగాళాఖాతం పోటు ఇక్కడి దాకా వస్తుంది, అందుకని సముద్రం వైపు పారే నీళ్లు తిరిగి వెనక్కి పారడం మీ కళ్లతో చూడొచ్చు. పడవవాడు తెడ్డు వదిలేసి బీడీ ముట్టించుకుంటే పోటు మొదలైందని అర్థం. గేటు మూసేముందు గార్డు ఈల వేస్తాడు. మొదటి ఈలకి ఎవరూ లేవరు. రెండోదానికి దుప్పటి దులపండి.